పిల్లికి ప్రయాణధైర్యము



పుదుచ్చేరి పట్టణమునకు ఉత్తరముగా, చెన్నపట్టణము పోవు తూర్పుతీరపు రహదారి వెంబడి, కాలాపేటకు సమీపమున నున్న పిళ్ళైచావడి జాలరుల పల్లె. ఒకవైపు సముద్రఘోష, మరియొకవైపు వాహనఘోష. ఈ రెంటి నడుమ పడవలు, వలలు, చేపల గంపలు, వాని చుట్టును ఆశతో తిరుగాడు పిల్లులు. ఇంజనీరింగు కళాశాలగా ఆరంభమై నేడు పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయముగా వెలయు విద్యాలయము ఇచటనే కలదు. 1985లో స్థాపితమైన పాండిచ్చేరి విశ్వవిద్యాలయము కూతవేటు దూరమున కాలాపేటలో నున్నది. చదువు నిమిత్తమో, ఉద్యోగము నిమిత్తమో తెలుగునేలనుండి, అందును విశేషముగా ఈ కేంద్రపాలిత ప్రాంతములో భాగమైన యానామునుండి వచ్చి ఈ ప్రాంతమున కాపురముండు కుటుంబములకు, గడపలోనికి తనంత తాను నడచివచ్చి ఇంటిబిడ్డయై కూర్చున్న తీరపు పిల్లి ఒకటి ఉండుట అరుదు కాదు.

అట్టి ఇంటివారికి పిల్లితో తప్పని ప్రయాణములు రెండు. మొదటిది చిన్నది: టీకాకో, చికిత్సకో కురుంబాపేటలోని రాజీవ్‌గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థకు పోవుట. ఆ దారి కొట్టకుప్పము వద్ద తమిళనాడులో నడచి, మరల పుదుచ్చేరిలో ప్రవేశించి, పట్టణపు కూడలులలోని వాహనసమ్మర్దము నంతను దాటి పోవలయును. రెండవది పెద్దది: సెలవులకో, బదిలీమీదనో యానాము చేరుట, అది చెన్నపట్టణము, నెల్లూరు, ఒంగోలు మీదుగా 800 కిలోమీటర్లకు పైబడిన బాట. చిన్నదైనను, పెద్దదైనను, కారు తలుపు పడినంతనే పిల్లి కంఠము మారును. ఇంటిలో మృదువుగా పలుకరించు ప్రాణి దీర్ఘమైన ఆర్తనాదము చేయును. కనుపాపలు విచ్చుకొనును, చెవులు వెనుకకు అణగును, నోట చొంగ కారును, అరికాళ్ళు చెమర్చును. కొన్ని పిల్లులు వాంతి చేసికొనును, కొన్ని ఉన్నచోటనే మూత్రము విడుచును. చూచువారు దీనిని మొండితన మనుకొని విసుగుకొందురు. ఇది ప్రాణభయము. భయమునకు హేతువు తెలిసినచో దానిని తగ్గించు మార్గమును తెలియును. ఆ హేతువును, ఆ మార్గమును వివరించుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

పిల్లి పుట్టుకతోనే ప్రయాణవిరోధి యని తలపరాదు. పిల్లలను పెట్టిన పిల్లి వానిని ఏడిండ్లు త్రిప్పునని మన ఊళ్ళలో వాడుక. అలికిడి యైన చోటును విడిచి, మరుగైన చోటును వెదకి, కూనలను ఒక్కొక్కటిగా నోట కరచుకొని రాత్రికి రాత్రి ఇల్లు మార్చు ఆ తల్లికి ప్రయాణము కొత్త కాదు. చరిత్రమును చూచినను ఇంతే. మధ్యధరా సముద్రములోని సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధి యొకటి బయల్పడగా, అందు మనుష్యుని అస్థికల చెంతనే పిల్లి అస్థిపంజరము కూడ ఉండెను. ఆ ద్వీపమునకు పిల్లులు స్వతస్సిద్ధముగా కలవి కావు. కనుక పూర్వులు వానిని పడవలలో నెక్కించి సముద్రము దాటించిరని పండితులు నిశ్చయించిరి. అనగా మనుష్యునితో కూడి పిల్లి చేసిన యాత్ర మన నాగరికతలన్నిటికన్న పురాతనమైనది.

అట్లైనచో కారులో నింత భీతి ఏల? తల్లిపిల్లి ఇల్లు మార్చునపుడు ఎప్పుడు పోవలయునో, ఎచటికి పోవలయునో, ఎచట ఆగవలయునో నిర్ణయించునది అదియే. కారులో ఆ నిర్ణయములలో ఒక్కటియు దాని వశమున లేదు. పిల్లి తన ఎల్లను ప్రాణముగా భావించు జంతువు. చెక్కిళ్ళయందలి గ్రంథుల స్రావమును గోడమూలలకును, కుర్చీకాళ్ళకును, మన పాదములకును రుద్ది, తన వాసనతో తన రాజ్యమును గుర్తించుకొనును. ఆ వాసన ఉన్నంత మేర నిర్భయము, లేనిచోట అనుమానము. కారులోనో, దాని వాసన లవలేశమును ఉండదు. పెట్రోలు వాసన, తోలు సీట్ల వాసన, అద్దము కడ వ్రేలాడు సుగంధపు బిళ్ళ వాసన మాత్రముండును. దీనికి తోడు దాని శ్రవణశక్తి మనకన్న మిక్కిలి సూక్ష్మము: మనుష్యుని చెవి సెకనుకు 20,000 కంపనములవరకే వినగా, పిల్లి చెవి 80,000 దాటిన ధ్వనులను కూడ గ్రహించును, కావున బస్సుల హారన్లకు తోడు మనకు వినబడని యంత్రధ్వనులును దానిని బాధించుచుండవచ్చును. చుట్టునున్న పెట్టె కదలక నిలిచినట్లు కన్నులకు తోచుచుండ, చెవిలోపలి సమతులనేంద్రియము మాత్రము దేహము కదలుచున్నదని చెప్పుచుండుటవలన కడుపు త్రిప్పును. ఒకసారి ఇట్లు బాధపడి, ఆ బాధ చివర సూదిమందును పొందిన పిల్లి, మరుసటి పర్యాయము పెట్టెను చూచినంతనే మంచము క్రింద దూరుటలో వింత ఏమున్నది?

ఇచట మన వేదాంతులు చెప్పిన ఒక న్యాయము స్మరణకు వచ్చుచున్నది. ఈ దక్షిణదేశమున వర్ధిల్లిన శ్రీవైష్ణవ సంప్రదాయమునందు శరణాగతిని గూర్చి రెండు మార్గములు కలవు: కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనునట్లు జీవుడు భగవంతుని పట్టుకొనవలెనని వడగలైవారును, పిల్లికూన ఏ ప్రయత్నమును చేయక తల్లి నోట నిశ్చలముగా నుండునట్లు జీవుడు తన్ను తాను అప్పగించుకొనవలెనని తెంగలైవారును చెప్పుదురు. ఈ రెండవదే మార్జాలకిశోరన్యాయము. దాని లౌకికసత్యము కూడ గమనింపదగినది. మెడమీది వదులు చర్మమును తల్లి పట్టగనే కూన కాళ్ళు ముడుచుకొని స్తబ్ధమగును. ఆ విశ్వాసము ప్రకృతి యిచ్చినది. పెరిగిన పిల్లికి ఆ స్వభావము మిగులదు. దానిని మెడపట్టి ఎత్తినచో కదలక యుండుట కనబడినను, అది శరణాగతి కాదు, భయముచే బిగుసుకొనిపోవుట. కనుకనే అమెరికా పిల్లివైద్యుల సంఘమును, అంతర్జాతీయ పిల్లివైద్య సంఘమును కలిసి 2022లో ప్రకటించిన సూత్రములు అట్లు పట్టుట కూడదని చెప్పినవి. కూన తల్లికి ఊరకనే ఇచ్చు విశ్వాసమును ఎదిగిన పిల్లివద్ద మనము సంపాదించుకొనవలెను. పిల్లి ప్రయాణమును గూర్చిన విద్య యంతయు ఈ ఒక్క మాటలో నిమిడియున్నది; భయమును బలముచేత అణచలేము, పరిచయముచేతనే కరిగింపగలము.

ఈ పరిచయమార్గము శాస్త్రసిద్ధమైనది. దక్షిణాఫ్రికాకు చెందిన మానసికవైద్యుడు జోసెఫ్ వోల్పి రెండవ ప్రపంచయుద్ధానంతరము జొహానెస్‌బర్గులో పిల్లులపై ప్రయోగములు చేసెను. బోనులో నున్న పిల్లులకు విద్యుదాఘాతము కల్పించి వానికి ఆ బోనన్నను, ఆ గది అన్నను భయము పుట్టించెను. ఆకలిగొన్నను అచట అవి తినకుండెను. పిదప ఆ గదిని పోలని వేరొక గదిలో ఆహారము పెట్టెను. అచట తినుట అలవడిన తరువాత కొంచెము పోలిన గదిలోను, ఆ మీదట అసలు గదిలోను, కడపట బోనులోను పెట్టగా, భయము మెట్టు మెట్టుగా తొలగి పిల్లులు ఆ బోనులోనే నిశ్చింతగా తినజొచ్చినవి. భయమును తృప్తియు ఏకకాలమున ఒక దేహమున నిలువజాలవను ఈ సూత్రమును విస్తరించి 1958లో ఆయన ప్రకటించిన గ్రంథము మానవుల అకారణభయముల చికిత్సకు మూలస్తంభములలో ఒకటి యయ్యెను. విమానమెక్క భయపడువారును, ఎత్తైన మేడలయందు నిలువ భయపడువారును నేడు పొందుచున్న ఉపశమనమునకు మూలమున ఆ మూగప్రాణుల వేదన ఉన్నది. ఆ విద్యను పిల్లుల మేలుకొరకు మరల వినియోగించుట ఋణము తీర్చుకొనుటయే యని నా నమ్మకము.

ఇక ఆచరణము. మొదట కావలసినది మంచి పెట్టె. దుకాణములలో క్యారియరని అమ్ము గట్టి ప్లాస్టిక్ పెట్టె, ముందువైపునను పైవైపునను తెరచుకొనునది, పైసగము ఊడదీయ వీలైనది శ్రేష్ఠము. వైద్యుడు పిల్లిని ఈడ్చి వెలికి తీయనక్కరలేక, క్రింది సగములో కూర్చుండగనే పరీక్షింపవచ్చును. అందు పిల్లి లేచి నిలిచి, చుట్టు తిరిగి, పండుకొనుటకు చాలినంత చోటుండవలెను. గోనెసంచిలో మూతి కట్టుటయు, స్కూటరు ముందు ఒడిలో పెట్టుకొనుటయు, అట్టపెట్టెకు తాడు బిగించుటయు అపాయకరములు.

ఆ పెట్టెను ప్రయాణదినమున మాత్రము అటకనుండి దింపుట అందరును చేయు పని. అట్లు కాక, దానిని సంవత్సరము పొడుగునను పిల్లి తిరుగు గదిలో, తలుపు తెరచి, పిల్లి పండుకొను పాతబట్టను లోపల పరచి ఉంచవలెను. అన్నపు పళ్ళెరమును మొదట పెట్టె దాపునను, తరువాత వాకిటను, ఆ తరువాత లోపలను పెట్టవలెను. పిళ్ళైచావడి పిల్లికి లంచమేదో చెప్పనక్కరలేదు: ఉప్పువేయక ఉడికించి ముల్లు తీసిన చేపముక్క చాలును, ఎండునెత్తళ్ళలో ఉప్పు అధికము గనుక అవి వలదు. లోపల తినుట అలవడినపుడు తలుపును క్షణకాలము మూసి తెరవవలెను. తరువాత నిమిషము, తరువాత అయిదు నిమిషములు. పిదప పెట్టెను ఎత్తి నాలుగడుగులు నడువవలెను; పిడిపట్టి ఊపుచు పోక, అడుగున చేయివేసి, నిండుకుండను మోయు రీతిని రెండు చేతులతో గుండెకు చేర్చి మోయవలెను. తరువాత నిలిచియున్న కారులో. తరువాత ఇంజను నడుచుచు బండి కదలని కారులో. తరువాత వీధి చివరవరకు. తరువాత కాలాపేటవరకు పోయి మరలుట. ప్రతి మెట్టునను పరీక్ష యొక్కటే: ఇచ్చిన చేపముక్కను పిల్లి తినెనా? తినినచో ముందుకు, తినకున్నచో వెనుకటి మెట్టునకు. తొందరపడినవాడు నెలరోజుల సంపాదనను ఒక్క మధ్యాహ్నమున పోగొట్టుకొనును. ప్రతి ప్రయాణమును సూదిమందుతోనే ముగియరాదు. కొన్ని యాత్రలు ఊరక పోయి, మరల ఇల్లు చేరి, ఇష్టమైన ఆహారముతో ముగియవలెను.

ఇది వట్టి ఊహ కాదు. వియన్నాలోని పశువైద్య విశ్వవిద్యాలయమువారు 22 పిల్లులను తీసికొని, సగమువానికి ఆరువారములపాటు 28 పాఠములుగా పెట్టెలో నుండుటను, కారులో పోవుటను నేర్పి, మిగిలిన సగమువానికి నేర్పక, ఉభయులను పరీక్షించిరి. నేర్చిన పిల్లులు కారులో తక్కువ కలత చెందుటయు, వైద్యపరీక్ష త్వరగా ముగియుటయు కనబడినట్లు 2018లో ప్రకటించిరి.

ప్రయాణదినమున పాటింపవలసినవి కొన్ని కలవు. ఎదిగిన పిల్లికి బయలుదేరుటకు మూడు నాలుగు గంటలకు ముందే ఆహారము ముగింపవలెను, నీరు మానిపింపరాదు, పసికూనలను మాత్రము పస్తుంచరాదు. కారులోని సుగంధపు బిళ్ళను తీసివేసి, లోపల ముందుగనే చల్లబరచి ఉంచవలెను. పిల్లి చెక్కిలివాసనను అనుకరించి చేసిన కృత్రిమద్రవము ఫెలివే అను పేర దొరకును. దానిని పెట్టెలో చిమ్మి, అందలి స్పిరిటు ఆరుటకు పావుగంటయైన ఆగి పిల్లిని ఎక్కింపవలెను. పెట్టెను ముందుసీటు వెనుక నేలపై కదలకుండ అమర్చి, పైని పలుచని నేతచీర నొకదానిని గాలి ఆడునట్లు కప్పిన, పరుగెత్తు దృశ్యములు కనబడక కడుపు త్రిప్పుట తగ్గును. పాటలు పెట్టక, హారను మోగింపక, మలుపులయందు మెల్లగా నడుపవలెను. పిల్లి అరచినచో కసరరాదు. జాలిపడి పెట్టెను తెరచుటయు తగదు. వదలిన పిల్లి బ్రేకు మెట్టు క్రింద దూరినచో పోవునది దాని ప్రాణము మాత్రమే కాదు.

ఎండ విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. మూసిన కారులో పది నిమిషములలోనే ఉష్ణోగ్రత సుమారు 10 సెల్సియసు డిగ్రీలు పెరుగగలదు. పిల్లికి చెమట అరికాళ్ళయందే గాని ఒడలెల్ల పట్టదు. నోరు తెరచి రొప్పుట పిల్లికి సహజము కాదు. అట్లు కనబడినచో అది అపాయసూచన, ఆలసింపక చల్లని గాలిని, వైద్యుని వెదకవలెను. టీ త్రాగుటకని దిగి పిల్లిని కారులో విడుచుట ఎన్నడును కూడదు.

ఎంత నేర్పినను భయము తీరని పిల్లులు కొన్ని యుండును. వానికి వైద్యుడు మందీయగలడు. గాబాపెంటిన్ అను మందు ప్రయాణమునకు సుమారు గంటన్నర ముందు ఇచ్చిన పిల్లులలో ఆందోళన తగ్గినట్లు 2017లో అమెరికాలో వెలువడిన పరిశోధన తెలిపెను. అదే కోవకు చెందిన ప్రీగాబాలిన్ ద్రవమును ప్రయాణభీతికొరకు పిల్లులకు ఈయ అమెరికా ఔషధశాఖ 2023 నవంబరులో అనుమతించెను. మోతాదు నిర్ణయించునది వైద్యుడు. మొదటి మోతాదును ప్రయాణము లేని దినమున ఇంటనే ఇచ్చి చూచుట మేలు. దేహమును కదలనీయక భయమును మాత్రము లోపల యథాతథముగా నిలుపు మత్తుమందులును కలవు గనుక సొంతవైద్యము తగదు. ఇంటిలోని మనుష్యుల మాత్రలను ఈయుట మహాపాపము: పారసిటమాల్ మాత్ర యొక్కటియు పిల్లి ప్రాణమును తీయగలదు, ఏలనన దానిని నిర్వీర్యము చేయు శక్తి పిల్లి కాలేయమునకు చాలదు.

యానాము వంటి దూరయాత్రకు తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదరకముందే దూరము తగ్గించుకొని, నెల్లూరునో ఒంగోలునో రాత్రి మజిలీ చేయుట ఉత్తమము. రెండు మూడు గంటల కొకసారి కారును నీడన నిలిపి, తలుపులు, అద్దములు మూసియుండగనే నీరు చూపి, మట్టిపళ్ళెమును అందుబాటున నుంచవలెను; పిల్లి త్రాగకున్నను, విసర్జింపకున్నను కొన్ని గంటలవరకు కలతపడ పనిలేదు. మెడపట్టీకి ఇంటివారి ఫోను నంబరు కట్టుట మరువరాదు. ఒంగోలునుండి చీరాల, మచిలీపట్నము, నరసాపురము, అమలాపురము మీదుగా సాగి, ఎదుర్లంక వద్ద గౌతమీగోదావరిపై వంతెన దాటి యానాము చేరినంతనే పిల్లిని బంధువుల నడుమ విడువరాదు. ఒక గదిలో పెట్టెను తెరచి, నీరు, ఆహారము, మట్టిపళ్ళెము, పాతబట్ట అమర్చి, అది తనంత తాను వెలికి వచ్చువరకు వేచియుండవలెను. కాపురమే మారినచో కొన్ని వారములు ఇంటిలోపలనే ఉంచవలెను. లేకున్న పాత ఇంటిని వెదకికొనుచు పోయి దారి తప్పును. వైద్యశాలనుండి తిరిగి వచ్చిన పిల్లిని ఇంటిలోని తోటిపిల్లి కొత్తవాసనచే గుర్తింపక బుసకొట్టుటయు కలదు. అప్పుడు ఒక పూట వేరుగా నుంచిన చాలును.

ఇంత శ్రమ ఒక పిల్లికా యని ఎవరైన అడుగవచ్చును. ఈ తీరవాసులకు ఆ ప్రశ్నకు ఉత్తరము సముద్రమే చెప్పినది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చెను. 2011 డిసెంబరు 30న థానే తుపాను వచ్చెను. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపముననే తీరము దాటి పట్టణమును ముంచెత్తెను. అట్టి గడియలలో ఇల్లు విడువవలసి వచ్చినపుడు, మంచము క్రింద దాగిన పిల్లికొరకు వెదకుటకు వ్యవధి యుండదు. పెట్టెను తన పడకగా నెరిగిన పిల్లిని క్షణములో తీసికొని పోవచ్చును. ఎరుగని పిల్లి వెనుక మిగిలిపోవును.

జంతువులను అనవసరమైన బాధ కలుగు రీతిని మోసికొనిపోవుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. ఆ చట్టమునకు రాజ్యసభలో మొదట గొంతు నిచ్చినవారు నాట్యకళా విదుషి రుక్మిణీదేవి అరండేల్. 1962లో నెలకొన్న జంతుసంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలును ఆమెయే. 1978 నాటి రవాణా నియమములలో కుక్కలకును, పిల్లులకును ప్రత్యేకాధ్యాయము కలదు. చట్టము మనలను క్రౌర్యమునుండి వారింపగలదు. ఓర్పును మాత్రము మనమే అలవరచుకొనవలెను.

కనుక శ్రోతలారా, మీ ఇంట పిల్లి యున్నచో, ప్రయాణము ఎప్పుడో తెలియకున్నను సరే, నేడే అటకమీది పెట్టెను దింపి, కడిగి, ఎండబెట్టి, పాతబట్ట పరచి, దాని తలుపు తెరచి గదిలో ఉంచవలసినదిగా మిమ్ములను వేడుకొనుచున్నాను.